జాంబీలు వస్తే బెలుం గుహల్లో దాక్కోవచ్చా? ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ ఫ్యాన్స్ పట్టుకున్న చిన్న వివరాలు ఏం చెబుతున్నాయంటే..

జాంబీ గేమ్స్ ఆడేవాళ్లలో రెండు రకాల వాళ్లు ఉంటారు. కొందరు ఎదురొచ్చిన వాళ్లందరినీ కాల్చుకుంటూ ముందుకు వెళ్లిపోతారు. ఇంకొందరు మాత్రం గోడ మీద చిన్నపిల్లలు గీసిన బొమ్మ దగ్గర కూడా ఆగిపోతారు. టేబుల్ మీద పడి ఉన్న కాగితం చదువుతారు, తలుపుకి గడియ ఏ వైపు ఉందో చూస్తారు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ సిరీస్‌ని పన్నెండేళ్లకు పైగా చర్చల్లో నిలబెట్టింది ఈ రెండో రకం ఫ్యాన్సే.

వాళ్లు ఎక్కువగా మాట్లాడుకునే కథల్లో ఒకటి భూమి కింద జరుగుతుంది. కొందరు మనుషులు సొరంగాల్లో దాక్కుని, చిన్న ఊరు లాంటిది కట్టుకుంటారు. చివరికి ఒక్క తలుపు వాళ్లని దెబ్బతీస్తుంది. మరి మన నంద్యాల జిల్లా బెలుం గుహల్లాంటి చోట దాక్కుంటే గేమ్ రూల్స్ ప్రకారం బతికి బయటపడొచ్చా? ఫ్యాన్స్ వెతికే పద్ధతిలోనే ఒకసారి చూద్దాం.

(గమనిక: గేమ్ రెండు భాగాల కథ, సిరీస్ వివరాలు ఇందులో ఉన్నాయి. ఇంకా ఆడనివాళ్లు, చూడనివాళ్లు ఆలోచించుకుని చదవండి.)

అసలేంటీ గేమ్?

నాటీ డాగ్ సంస్థ తయారు చేసిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ 2013 జూన్ 14న ప్లేస్టేషన్ 3లో విడుదలైంది. రెండో భాగం 2020 జూన్‌లో వచ్చింది. మొదటి భాగాన్ని మళ్లీ కొత్తగా తయారు చేసి 2022లో విడుదల చేశారు. హెచ్‌బీఓ సిరీస్ 2023 జనవరిలో మొదలైంది.

కథ సింపుల్‌గానే ఉంటుంది. కార్డిసెప్స్ అనే ఫంగస్ మనుషుల మెదడుని పట్టుకుంటుంది. ప్రపంచం కుప్పకూలిన ఇరవై ఏళ్లకు, ఎల్లీ అనే 14 ఏళ్ల అమ్మాయికి ఆ ఫంగస్ సోకినా ఏమీ కాదని తెలుస్తుంది. మందు తయారీ కోసం ఆ పిల్లని ఫైర్‌ఫ్లైస్ అనే దళం దగ్గరికి చేర్చే పని జోయెల్‌ మీద పడుతుంది. జోయెల్ అప్పటికే కూతురిని పోగొట్టుకున్న తండ్రి.

ఈ ఐడియా గాల్లోంచి పుట్టింది కాదు. 2006 నాటి బీబీసీ ‘ప్లానెట్ ఎర్త్’ డాక్యుమెంటరీలో చీమని ఫంగస్ ఆడించే సీన్ చూశాకే ఈ ఆలోచన వచ్చిందని గేమ్ క్రియేటర్లు చెప్పారు. ఆ ఫంగస్ నిజంగానే ఉంది. చీమని మొక్క మీదకి ఎక్కిస్తుంది, ఆకుని గట్టిగా కరిపిస్తుంది, అక్కడే చంపి తల వెనక నుంచి మొలకెత్తుతుంది.

మొదటి క్లూ పేపర్‌లోనే..

గేమ్ మొదలైన కొద్ది నిమిషాలకే జోయెల్ ఇంట్లో ఒక న్యూస్‌పేపర్ కనిపిస్తుంది. చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు. ఆగి చదివితే, ఆస్పత్రుల్లో చేరేవాళ్లు 300 శాతం పెరిగారన్న వార్త ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంటలకు బూజు పట్టి ఉండొచ్చన్న అనుమానం కూడా అందులోనే ఉంటుంది. అంటే రోగం ఎలా వచ్చిందో గేమ్ ముందే చెప్పేసింది. కాకపోతే ఎవరూ గట్టిగా వినిపించలేదు.

సిరీస్‌లో కూడా ఇదే ఆట నడిచింది. మొదటి ఎపిసోడ్‌లో జోయెల్ ఇంట్లో పాన్‌కేక్ పిండి అయిపోతుంది. పక్కింటి వాళ్లు బిస్కెట్ ఇస్తే డైట్ అంటాడు. తన పుట్టినరోజు కేక్ తేవడం కూడా మర్చిపోతాడు. ‘ఇంట్లో ఎవరూ గోధుమపిండి తినలేదు, అందుకే వాళ్లకి సోకలేదు’ అని ఫ్యాన్స్ వెంటనే పట్టేశారు. రెండో ఎపిసోడ్‌లో జకార్తాలోని పిండి మిల్లు ప్రస్తావన వచ్చింది. మూడో ఎపిసోడ్‌లో పిండి, చక్కెర లాంటి సరుకు ద్వారా వచ్చి ఉంటుందని జోయెల్ నోటే వినిపించింది.

ఎవరీ ఇష్?

ఇక అసలు కథకి వద్దాం. గేమ్ మధ్యలో జోయెల్, ఎల్లీతో పాటు హెన్రీ, శామ్ అనే అన్నదమ్ములు మురుగు సొరంగాల్లోకి వెళ్తారు. అక్కడ మనుషులెవరూ ఉండరు. కానీ ఒకప్పుడు ఉన్నారని ప్రతి మూలా చెబుతుంటుంది. వర్షం నీళ్లు పట్టుకునే ఏర్పాట్లు, పిల్లల క్లాస్‌రూమ్, గోడల మీద బొమ్మలు, అందరూ పాటించాల్సిన రూల్స్.. ఇవన్నీ అక్కడే కనిపిస్తాయి.

వీటన్నిటినీ మొదలుపెట్టింది ఇష్ అనే వ్యక్తి. ఈ మనిషి గేమ్‌లో ఒక్కసారి కూడా కనిపించడు. ఆయన రాసిన కాగితాలు మాత్రమే దొరుకుతాయి. వాటిని వరుసలో పెట్టుకుంటే కథ ఇలా సాగుతుంది.

- రోగం మొదలైనప్పుడు ఇష్ పడవలో నీళ్ల మీద ఉండిపోయి బతికాడు. తర్వాత ఒడ్డుకొచ్చి సొరంగంలో ఒంటరిగా తలదాచుకున్నాడు.
- బయట పిల్లలతో తిరుగుతున్న కొన్ని కుటుంబాలు ఎదురయ్యాయి. నమ్మాలా వద్దా అని తటపటాయించి, చివరికి లోపలికి రమ్మన్నాడు.
- సొరంగం చిన్న ఊరైంది. పిల్లలు చదువుకున్నారు, ఆడుకున్నారు.
- ఒకరోజు ఎవరో తలుపు తెరిచి వదిలేశారు. ఇన్ఫెక్టెడ్ లోపలికి వచ్చేశారు.
- కైల్ అనే వ్యక్తి కొందరు పిల్లలతో ఒక గదిలో చిక్కుకుపోయాడు. బయటపడే దారి లేదు. ఆ గదిలో దుప్పటి కప్పిన చిన్న శరీరాలు, పక్కన నేల మీద రాత కనిపిస్తాయి. పిల్లలు బాధపడలేదన్నది ఆ రాత సారాంశం.

ఈ సీన్‌కి కట్‌సీన్ లేదు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎవరూ కథ చెప్పరు. కాగితాలు చదవని వాళ్లకి అది ఇంకో చీకటి గది, అంతే. చదివినవాళ్లు మాత్రం కంట్రోలర్ పక్కన పెట్టేస్తారు.

ఇష్ ఏమయ్యాడు? సొరంగం దాటాక వచ్చే కాలనీలోని ఒక ఇంట్లో ఇంకో కాగితం దొరుకుతుంది. ఇష్, సుసాన్ అనే మహిళ ప్రాణాలతో బయటపడ్డారని, ఆమె తన పిల్లల్ని పోగొట్టుకుందని దాంతో తెలుస్తుంది. ఆ తర్వాత ఏ ఆచూకీ లేదు. 2023 సిరీస్ ఐదో ఎపిసోడ్‌లో సొరంగం గోడ మీద ఇష్ పేరున్న పిల్లల బొమ్మ కనిపించేసరికి ఫ్యాన్స్ అక్కడే పాజ్ కొట్టి చూసుకున్నారు.

బెలుంలో దాక్కుంటే?

బెలుం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వాళ్లకి స్కూల్ టూర్ల నుంచే తెలిసిన చోటు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు కిలోమీటరున్నర వరకే సందర్శకులు వెళ్లొచ్చు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటి గురించి రాశారు. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలంతా తిరిగి మ్యాప్ చేసింది. 2002లో పర్యాటకులకు తెరిచారు.

ఇప్పుడు గేమ్ రూల్స్‌ని ఒక్కొక్కటిగా పెట్టి చూద్దాం.

శబ్దం: గేమ్‌లో అందరినీ వణికించేది క్లిక్కర్లు. ఫంగస్ ముఖమంతా పాకి వీటికి చూపు పోతుంది. టిక్ టిక్ మని శబ్దం చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో మనిషి ఎక్కడున్నాడో కనిపెడతాయి. ఇది గబ్బిలాల టెక్నిక్. కాకపోతే చాలా గబ్బిలాల శబ్దం మన చెవికి అందదు. రౌసెట్టస్ జాతి పండ్ల గబ్బిలాలు మాత్రం నాలుకతో మనకి వినిపించేలా క్లిక్ చేస్తాయి. బెలుంలో సప్తస్వరాల గుహ ఉంది. అక్కడి రాతి ధారలని తడితే సంగీతంలా మోగుతాయి. సందర్శకులకి అదో వింత. క్లిక్కర్ ఉన్నచోట మాత్రం చెయ్యి తగిలినా ప్రమాదమే.

గాలి: గేమ్‌లో చచ్చిన ఇన్ఫెక్టెడ్ శరీరాల నుంచి స్పోర్స్ వస్తాయి. గాలి ఆడని చోట పేరుకుపోతాయి, మాస్క్ లేకపోతే ఊపిరి తీయలేరు. బెలుం లోపల ఉక్కపోత ఎక్కువ. అందుకే పర్యాటకుల కోసం బయటి గాలిని లోపలికి పంపే ఏర్పాటు చేశారు. కరెంటు పోతే ఆ గాలి ఆగిపోతుంది, లైట్లూ ఆగిపోతాయి. ఈ లెక్కలో బెలుం ఫెయిల్. అన్నట్టు సిరీస్ మొదటి సీజన్‌లో స్పోర్స్ తీసేసి, నేల కింద అల్లుకున్న తీగల్లాంటి పోగులు పెట్టారు. ఫ్యాన్స్ దీని మీద పెద్ద చర్చే చేశారు. 2025లో వచ్చిన రెండో సీజన్‌లో స్పోర్స్ తిరిగొచ్చాయి.

నీళ్లు: ఇక్కడ బెలుంకి మంచి మార్కులే పడతాయి. ద్వారం దగ్గరి మట్టం నుంచి దాదాపు 46 మీటర్ల లోతులో పాతాళగంగ ఉంది. ఏడాది పొడవునా పారే చిన్న నీటిపాయ ఇది. కాస్త దూరం పారి భూమిలోకి మాయమైపోతుంది. ఇష్ వర్షం నీళ్లు పట్టుకోవాల్సి వచ్చింది, ఇక్కడ ఆ బాధ ఉండదు.

ద్వారం: పైనుంచి చూస్తే బావుల్లా మూడు గుంతలు కనిపిస్తాయి. మధ్యలో ఉన్నదే ప్రధాన ద్వారం. మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. కాపలా కాయడానికి ఒకే దారి ఉండటం మంచిదే. కానీ ఆ దారిలోనే శత్రువు వస్తే లోపలున్నవాళ్లు కైల్‌లాగే చిక్కుకుపోతారు. సింహద్వారం, కోటిలింగాల దగ్గరికి పరుగెత్తినా, తిరిగి రావాల్సింది అదే దారిలో.

ఒక్క మాట చెప్పుకోవాలి. బెలుం ఒకప్పుడు నిజంగానే మనుషులకి నీడనిచ్చింది. ఇక్కడ బౌద్ధ భిక్షువుల ఆనవాళ్లు, ప్రాచీన కాలపు పాత్రలు దొరికాయి. అవి అనంతపురం మ్యూజియంలో ఉన్నాయి. గుహలో ఒక భాగాన్ని ధ్యానమందిరం అని పిలుస్తారు. పాత మనుషులు వదిలేసిన వస్తువుల్ని బట్టి వాళ్ల బతుకుని ఊహించడం పురావస్తు శాస్త్రవేత్తల పని. ఇష్ కాగితాలు వెతికే ఫ్యాన్స్ చేసేది కూడా దాదాపు అదే.

సీమకి జాంబీలు కొత్త కాదు!

తెలుగులో ఈ ముచ్చట ఇప్పటికే ఒకసారి తీరింది. ప్రశాంత్ వర్మ డైరెక్షన్‌లో తేజ సజ్జా హీరోగా ‘జాంబీ రెడ్డి’ 2021 ఫిబ్రవరి 5న రిలీజైంది. అందులో హీరో మారియో వీడియో గేమ్ డిజైనర్. స్నేహితుడి పెళ్లి కోసం కర్నూలు వైపు వస్తే ఫ్యాక్షన్ గొడవలు, జాంబీలు ఒకేసారి మీద పడతాయి. ఆ సినిమాలో అంతా మొదలయ్యేది కరోనా మందు కోసం చేసిన ప్రయోగం వికటించడంతో. ఇండియాలో కరోనా టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. అంటే టీకా మొదలై మూడు వారాలు కాకముందే ఈ సినిమా థియేటర్లలో ఉంది. సరదా కోసం తీసిన కథే అయినా, అప్పటి భయం అందులో కనిపిస్తుంది.

అదే ఏడాది సెకండ్ వేవ్‌లో బ్లాక్ ఫంగస్ పేరు తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటా వినిపించింది. అది మనిషి నుంచి మనిషికి అంటుకునేది కాదు, మనిషిని ఆడించేది అంతకన్నా కాదు. చాలా ఫంగస్‌లు మన ఒంటి వేడికి తట్టుకోలేవు. చీమల కార్డిసెప్స్ మనుషులకి సోకదు. 2023 సిరీస్ మొదటి సీన్‌లో ఒక శాస్త్రవేత్త పాత్ర, భూమి వేడెక్కితే ఫంగస్‌లు ఆ వేడికి అలవాటుపడొచ్చని హెచ్చరిస్తుంది. భయం అంతా ఆ ఒక్క ‘ఒకవేళ’ చుట్టూనే అల్లారు.

ఇప్పటికీ తేలని గొడవ

ఫ్యాన్స్‌ మధ్య అతి పెద్ద వాదన క్లైమాక్స్ మీదే. మందు కావాలంటే ఎల్లీ చనిపోవాలి. జోయెల్ ఒప్పుకోడు. డాక్టర్‌ని చంపి పిల్లని ఎత్తుకొచ్చేస్తాడు, ఆమెకి అబద్ధం చెబుతాడు. 2013 గేమ్‌లో ఆపరేషన్ గది మురికిగా ఉందని, అలాంటి చోట మందు తయారవుతుందా అని జోయెల్ వైపు వాళ్లు అడిగేవారు. తర్వాతి వెర్షన్లలో అదే గది శుభ్రంగా, వెలుతురుగా కనిపించింది. మందు తయారయ్యేదన్నదే తమ ఉద్దేశమని క్రియేటర్ నీల్ డ్రక్‌మన్ 2025లో చెప్పారు. అయినా వాదన ఆగలేదు. ఎందుకంటే గది శుభ్రంగా ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. అందరి కోసం ఒక పిల్లని ఇచ్చేయొచ్చా అన్నదే ప్రశ్న.

రెండో భాగంలో ఇంకో వివరం ఉంది. గేమ్ పూర్తి చేశాక మొదటి స్క్రీన్ మారుతుంది. ఒడ్డున పడవ, వెనక గుండ్రటి భవనం కనిపిస్తాయి. అది కాలిఫోర్నియా దగ్గరి కాటలీనా దీవిలోని కాసినో భవనమని ఫ్యాన్స్ గుర్తుపట్టారు. అంటే ఏబీ, లెవ్ క్షేమంగా చేరారన్నమాట. ఆ మాట కథలో ఎవరూ చెప్పరు.

ఇంతకీ బెలుం సేఫా?

గేమ్ లెక్కలో నీళ్లకి పాస్, గాలికి ఫెయిల్, ద్వారానికి సగం మార్కులు. కానీ ఇష్ కథ చదివినవాళ్లు వేసే మార్కులు వేరుగా ఉంటాయి. సొరంగం బలహీనమైంది కాదు, రూల్స్ కూడా గోడ మీద రాసే ఉన్నాయి. ఒక్కరు ఒక్కరోజు తలుపు మర్చిపోయారు, అంతే. ఇష్ ఒంటరిగా ఉండి ఉంటే ఆ తలుపు ఎవరూ తెరిచేవాళ్లు కాదు. ఆ క్లాస్‌రూమ్ కూడా ఉండేది కాదు. ఆయన వాళ్లని లోపలికి రానివ్వడం తప్పా, ఒప్పా అన్నది ఆడినవాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నారు.

ఈసారి బెలుం వెళ్తే పాతాళగంగ దాకా దిగండి. గోడల మీద పేర్లు చెక్కొద్దు, రాతి ధారల్ని కొట్టి చూడొద్దు. పైకి వచ్చేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ ఒక్క దారినీ చూడండి. ఇష్ కథ తెలిసినవాళ్లకి ఆ మెట్లు ఇదివరకటిలా కనిపించవు.