చెట్లు నాటితే తప్పా? ఫ్లో కంట్రీ కథ

"వృక్షో రక్షతి రక్షితః" అని బడి గోడల మీద చదువుకుంటూ పెరిగినవాళ్ళం మనం. చెట్లు నాటినందువల్ల నేలకు చెరుపు జరిగిందంటే ఓ పట్టాన నమ్మం. కాని మనం ఉంటున్న ఈ బ్రిటన్‌లోనే అలా జరిగింది. ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి బ్రిటన్‌లో అడవి నూటికి అయిదు వంతులే మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలు దెబ్బతినడంతో, బొగ్గు గనుల్లో ఆసరాగా నిలిపే దుంగలకు కూడా కటకటైంది. ఆ అనుభవంతోనే 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పుట్టింది. దాని పని కలప పెంచడం. పంట పండే నేలను చెట్లకెవరిస్తారు? కొండవాలులూ, బీళ్ళూ, చిత్తడి నేలలే వాటి వంతుకొచ్చాయి.

స్కాట్లండ్ ఉత్తర కొసన కెయిత్‌నెస్, సదర్లండ్ ప్రాంతాల్లో ఫ్లో కంట్రీ ఉంది. దాదాపు 4,000 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల. అక్కడ స్ఫాగ్నమ్ అనే నాచు నీళ్ళలో పూర్తిగా కుళ్ళకుండా, వేల ఏళ్ళుగా పొరలు పొరలుగా పేరుకుంది. దాన్నే పీట్ అంటారు. కొన్నిచోట్ల 10 మీటర్ల లోతుంటుంది. నాచు గాలిలోంచి పీల్చుకున్న కర్బనం అందులో భద్రంగా ఉంటుందన్నమాట.

1980లలో చెట్లు నాటే ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకునే వీలుండేది. దాంతో ఆ ఊళ్ళ మొహం చూడని సంపన్నులు కూడా అక్కడ భూములు కొన్నారు. నేలను లోతుగా దున్ని, కాలవలు తీసి, ఉత్తర అమెరికా నుంచి వచ్చిన సిట్కా స్ప్రూస్, లాడ్జ్‌పోల్ పైన్ జాతులను బారులుగా నాటించారు. స్థానికులకు పనులు దొరుకుతాయన్న వాదనా బలంగానే వినిపించింది.

కాలవల వెంట నీరు దిగిపోయింది. ఎండిన పీట్‌కు గాలి తగిలి కుళ్ళడం మొదలైంది. చెట్లు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంటే, కింద నేల దాన్ని వదలసాగింది. బయలు నేలలో గూళ్ళు పెట్టుకునే గోల్డెన్ ప్లవర్, డన్లిన్ పక్షులకు చోటు తగ్గింది.

1987లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ ఈ నష్టాన్ని నివేదికలో బయటపెట్టింది. 1988 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ ఆ పన్ను రాయితీని ఎత్తేశారు. పెద్ద ఎత్తున అడవి పెంచేముందు పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేయాలన్న నిబంధనలూ అదే ఏడు వచ్చాయి. ఫ్లో కంట్రీ వరకూ ఇది చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

తర్వాత 1995లో పక్షి సంరక్షణ సంఘం ఆర్‌ఎస్‌పీబీ, ఫోర్సినార్డ్ దగ్గర భూమి కొంది. నాటిన చెట్లను కొట్టించి, కాలవలను పూడ్పించి, నీటిని మళ్ళీ నిలిపే పని పెట్టుకుంది. 2024లో ఫ్లో కంట్రీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 50 సెంటీమీటర్లకు మించి పీట్ ఉన్నచోట కొత్త అడవి పెంచవద్దని నేటి బ్రిటన్ అటవీ ప్రమాణాలు చెబుతున్నాయి.

చెట్లు వద్దని కాదు నా మాట. నాటిన మొక్కల సంఖ్య ఒక్కటే లెక్క కాదు. అంతకుముందు ఆ నేలలో ఏముంది, నీరు ఎటు పోతుంది, ఎవరి గూడు పోతుంది అన్నవీ లెక్కలోకి రావాలి. మీ పిల్లలు బడి తరఫున మొక్కలు నాటడానికి బయల్దేరితే, "ఇక్కడ ఇదివరకు ఏముండేది?" అని అడగమనండి. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే, నాటిన అడవిని కొట్టించే ఖర్చు తప్పేది.