ఇరుసు మారినా రథం అదేనా? – ‘ఓల్డ్ నంబర్ వన్’ వ్యాజ్యం

1990 జూలైలో లండన్ హైకోర్టు క్వీన్స్ బెంచి న్యాయమూర్తి ఆటన్ పరిష్కరించిన వ్యాజ్యం పైకి చూస్తే మామూలు క్రయవిక్రయ వివాదమే. ఒక యజమాని తన పాత బెంట్లీ స్పోర్ట్స్ కారును అమ్మజూపారు. మిడిల్‌బ్రిడ్జ్ అనే సంస్థ కోటి పౌండ్ల విలువకు దానిని కొనడానికి ఒప్పుకున్నది. ఆ తరువాత, తమకు చెప్పిన కారు ఇది కాదంటూ సొమ్ము చెల్లించ నిరాకరించింది. అమ్మకందారు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. విచారణ సాగినకొద్దీ ఒప్పందపు షరతులు వెనక్కి పోయి, మరొక ప్రశ్న ముందుకు వచ్చింది: భాగాలన్నీ ఒకటొకటిగా మారిపోయిన వస్తువు మొదటి వస్తువే అవుతుందా?

ఆ కారు పేరు ‘ఓల్డ్ నంబర్ వన్’. దాని ప్రతిష్ఠ ఎటువంటిదో చెప్పాలంటే బెంట్లీ సంస్థ చరిత్రను కొంత స్మరించాలి. డబ్ల్యు. ఓ. బెంట్లీ 1919లో నెలకొల్పిన ఈ సంస్థ ఏనాడూ ఆర్థికంగా నిలదొక్కుకోలేదు. 1926లో వూల్ఫ్ బర్నాటో పెట్టుబడితో దానిని ఆదుకుని, తానే అధిపతి అయ్యాడు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనులలో తండ్రి గడించిన సంపద అతనిది. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వైభవం వెనుక వలస రాజ్యపు గనుల సొమ్ము ఉన్నదన్న విషయాన్ని మోటారు చరిత్రలు రాసేవారు ఒక వాక్యంతో దాటవేస్తుంటారు. అది అంతకన్న ఎక్కువ స్థలానికి అర్హమైనదే. ఫ్రాన్సులోని లె మాన్స్‌లో జరిగే ఇరవై నాలుగు గంటల పోటీని బెంట్లీ కార్లు 1924లోను, ఆపైన 1927 నుంచి 1930 వరకు వరుసగా నాలుగేళ్లూ గెలిచాయి. వీటిలో 1929, 1930 విజయాలు ‘స్పీడ్ సిక్స్’ రకానికి చెందిన ఒకే కారువి. మొదటి ఏడు బర్నాటోతో పాటు సర్ హెన్రీ బిర్కిన్, రెండవ ఏడు గ్లెన్ కిడ్‌స్టన్ దానిని నడిపారు. 1929లో మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలకే దక్కాయి. ఇంత కీర్తి గడించిన సంస్థ 1931లో దివాలా తీసి రోల్స్‌రాయిస్ పరమైంది.

పోటీ కారు మ్యూజియంలో భద్రపరచే వస్తువుగా పుట్టదు. ప్రతి పందెం తరువాత దానిని విప్పుతారు. అరిగినది తీసివేస్తారు, విరిగినది మారుస్తారు. ఓల్డ్ నంబర్ వన్ విషయంలోనూ అదే జరిగింది. 1932 నాటికి దానికి వేరే ఛాసిస్ వచ్చింది, ఆరున్నర లీటర్ల ఇంజను స్థానంలో ఎనిమిది లీటర్ల ఇంజను వచ్చింది. ఆ ఏడు సెప్టెంబరులో బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన అయిదు వందల మైళ్ల పోటీలో అది ఏటవాలు గట్టు మీది నుంచి ఎగిరి అవతల పడింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. ఆ ప్రమాదం తరువాత బర్నాటో దానిని బాగు చేయించి, కూపే బాడీ కట్టించి రోడ్డు మీద తిరిగే కారుగా మార్చాడు. ఇటీవలి దశాబ్దాలలో మళ్లీ పూర్వపు పోటీ రూపం కల్పించారు. ఇన్ని అవతారాలెత్తినా దానిని అందరూ ఓల్డ్ నంబర్ వన్ అనే పిలిచారు.

ఇంగ్లండులో పాత కార్ల మీద మక్కువ ధనికుల వ్యసనంగా మొదలు కాలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బులో చేరినవారిలో ఎక్కువమంది కొత్త కారు కొనే స్తోమత లేనివారు. లేదా, ఆర్థిక మాంద్యం తరువాత వచ్చిన కార్లలో పాతవాటి పనితనం లేదని నమ్మినవారు. 1930 సంవత్సరాంతంతో వారు హద్దు గీశారు. ఆ గీతకు ఇవతలి కార్లు ఎంత గొప్పవైనా ఆ క్లబ్బు దృష్టిలో వింటేజ్ కావు. తక్కువ ధరకు కొని, తమ చేతులతో బాగు చేసుకుని, ఆదివారం పోటీలకు తోలుకుపోవడం నాటి వాడుక. అటువంటి వాతావరణంలో ఏ భాగం ఎప్పుడు మారిందన్న లెక్క ఎవరికీ పట్టలేదు. 1980ల చివర ధరలు ఆకాశాన్నంటినప్పుడు మాత్రమే ఆ లెక్కకు విలువ వచ్చింది. వాడుకునే వస్తువు పెట్టుబడిగా మారిన మరుక్షణం దాని పుట్టుపూర్వోత్తరాలు న్యాయవాదుల పరిశీలనకు వచ్చాయి.

న్యాయమూర్తి ఆటన్ ఆ లెక్కను ఓపికగా తీశారు. 1929 నాటి కారులో ఏమీ మిగలలేదని, మిగిలినా లేనట్లేనని ఆయన తేల్చారు. 1930 నాటి కారు నుంచి దక్కినవి పెడల్ షాఫ్టు, గేర్‌బాక్సు తొడుగు, స్టీరింగ్ కాలమ్ మాత్రమే. అవి కూడా కచ్చితంగా ఏనాడు అమర్చినవో చెప్పలేమన్నారు. 1932 నాటి భాగాలు మాత్రం గణనీయంగా ఉన్నాయి: ఛాసిస్, స్ప్రింగులు, ముందు ఇరుసు, ఎనిమిది లీటర్ల ఇంజను వగైరా. ఇంతవరకు వింటే కొనుగోలుదారుదే గెలుపు అనిపిస్తుంది. తీర్పు అందుకు విరుద్ధంగా వచ్చింది. కార్ఖానా నుంచి వెలువడిన భాగాలతోనే ఉండడాన్ని ‘అసలు రూపం’ అనాలనీ, ఆ అర్థంలో ఇది అసలు రూపంలో లేదనీ ఆయన అంగీకరించారు. కాని మార్పులన్నీ ఒక క్రమంలో జరిగాయి. ఆ కారు చరిత్ర ఎక్కడా తెగలేదు. ఓల్డ్ నంబర్ వన్ అన్న పేరు మీద న్యాయంగా హక్కు చెప్పుకోగల కారు లోకంలో మరొకటి లేదు. కనుక ఇదే ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ అని నిర్ణయించి, ఒప్పందం చెల్లుతుందన్నారు. ప్రామాణికతను లోహంలో గాక, తెగని చరిత్రలో చూడడం ఈ తీర్పులోని విశేషం.

మన దేశపు పాఠకులకు ఈ వాదన కొత్తది కాదు. మిలిందపన్హలో నాగసేనుడు యవన రాజును రథం గురించే ప్రశ్నిస్తాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని అడిగి, ఏదీ కాదనిపించి, ఆ భాగాల కూర్పును ఆధారం చేసుకుని వాడే పేరే రథమని రాజు చేత ఒప్పిస్తాడు. పూరీలో నవకళేబర సమయంలో జగన్నాథుని దారు విగ్రహాలు మారతాయి. 1996లో మారాయి, 2015లో మారాయి. ‘ఇది పాత విగ్రహం కాదు’ అని ఏ భక్తుడూ తిరిగిపోలేదు. అయితే ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. దేవాలయంలో మార్పు విధి ప్రకారం, నిర్ణీత హస్తాల మీదుగా జరుగుతుంది. కారు షెడ్డులో జరిగే మార్పుకు సాక్ష్యం తరచు ఒక జిడ్డు మరకల రశీదు మాత్రమే.

ఆ రశీదు లేనిచోట మోసానికి దారి తెరుచుకుంటుంది. ఛాసిస్ ఒకరి దగ్గర, ఇంజను మరొకరి దగ్గర మిగిలితే ఇద్దరూ ఒకే కారు తమదని చెప్పుకోవచ్చు. బ్రిటిష్ వాహన నమోదు శాఖ ఇటువంటి మార్పులను తూచడానికి ఎంతోకాలం ఒక మార్కుల పద్ధతిని పాటించింది. మూల ఛాసిస్‌కు అయిదు మార్కులు, సస్పెన్షన్, ఇరుసులు, ట్రాన్స్‌మిషన్, స్టీరింగులకు రెండేసి, ఇంజనుకు ఒకటే. ఎనిమిది మార్కులు వస్తేనే పాత నంబరు నిలిచేది. కారుకు ప్రాణం ఇంజనే అనుకునేవారికి ఈ లెక్క విడ్డూరంగా తోచవచ్చు. దస్త్రాలతో పనిచేసేవారికి మాత్రం ఇందులోని తర్కం వెంటనే బోధపడుతుంది. ఇంజను మార్చడం సులువు. ఛాసిస్ వాహనానికి సర్వే నంబరు వంటిది.

తయారీదారులే ఈ చిక్కును పెంచిన సందర్భాలూ ఉన్నాయి. 1957 ఫిబ్రవరిలో కోవెంట్రీలోని జాగ్వార్ కార్ఖానా అగ్నిప్రమాదంలో తొమ్మిది ఎక్స్‌కెఎస్‌ఎస్ కార్లు కాలిపోయాయి. సుమారు ఆరు దశాబ్దాల తరువాత, ఆ తొమ్మిదింటికి బదులుగా కొత్త వాటిని తయారు చేస్తామని 2016లో ఆ సంస్థ ప్రకటించింది. పేరు అదే, రూపం అదే, కట్టేదీ అదే సంస్థ. కాని ఆటన్ తీర్పు కొలమానంతో చూస్తే వీటికి పాత వాటితో చుట్టరికమే తప్ప తెగని చరిత్ర లేదు. భాగాలు దాదాపు మిగలని ఓల్డ్ నంబర్ వన్ ప్రామాణికమై, నిఖార్సుగా కట్టిన ఈ కొత్త కార్లు కాకపోవడం సబబేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం, కట్టడాల పరిరక్షణకు 1964లో వెలువడిన వెనిస్ పత్రం అడుగుజాడలలో నడిచి, వాహనం తన జీవితకాలంలో పొందిన మార్పులను కూడా చరిత్రలో భాగంగానే గౌరవించింది. మన కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మోటారు వాహన నిబంధనలను సవరించి, పాత వాహనాలకు ‘విఎ’ అక్షరాలతో ప్రత్యేక నమోదు వరుసను ఏర్పరచింది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000. తొలి నమోదు నుంచి యాభై ఏళ్లు దాటిన వాహనాలు ఇందుకు అర్హం. కనుక ఆ ఇంగ్లండు క్లబ్బు గడప దాటనివ్వని 1960ల ఎంజి కారు మన వద్ద నిస్సందేహంగా వింటేజ్. అయితే వాహనం మూల రూపంలోనే ఉండాలనీ, ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని గణనీయమైన మార్పు జరిగి ఉండరాదనీ నిర్వచనం చెబుతున్నది. దీనిని అక్షరాలా అన్వయిస్తే ఓల్డ్ నంబర్ వన్‌కు మన దేశంలో ‘విఎ’ పలక దొరకడం కష్టం. ఛాసిస్, ఇంజను రెండూ 1932 నాటికే మారాయి మరి. నిన్న మార్చిన ఇంజనును, తొంభై ఏళ్ల కిందట పోటీ కోసం మార్చిన ఇంజనును ఒకే గాట కట్టాలా అన్నది ఈ నిబంధనలను అమలు చేసే అధికారుల బల్ల మీదికి ఏదో ఒకనాడు రాక తప్పదు. ఆనాడు వారు ముందుగా తెప్పించుకోవలసినది కారును కాదు, దాని కాగితాల కట్టను.