పెద్దపల్లి, పెటపోలి, నిజాంపట్నం

కాకుమానుకు ఆగ్నేయమున, రేపల్లె సీమ సముద్రమును తాకుచోట నున్న నిజాంపట్నము రేవు, మూడు నామములలో తన చరిత్రమును నిక్షేపించుకొన్నది. పెద్దపల్లి యను తేటతెలుగు పేరును విదేశనావికులు పెటపోలి యని పలికిరి. 1606లో డచ్చివారును, 1611లో గ్లోబ్ అను నౌకలో వచ్చిన ఆంగ్లవర్తకులును ఈ తీరపు నేతవస్త్రములకై యిచ్చట దిగినపుడు, వారి లేఖల కెక్కినది ఆ వికృతరూపమే. అయినను ఆ వికృతియందు మన పల్లె జాడ మిగిలియున్నది. కావున ఆ రూపమును నేను దోషముగా నెంచజాలను. ఇక మూడవ పేరగు నిజాంపట్నమున నిజాము అనునది పాలనావ్యవస్థను దెలుపు అరబీ పదము. పట్టణశబ్దముతో కూడి, అది ప్రభుత్వపు ముద్రవలె రేవుపై నిలిచినది. 1759లో దక్కను పాలకుడు సలాబత్ జంగు మచిలీపట్నముతోపాటు ఆంగ్లేయులకు దత్తము చేసినది ఈ నామముతోనే.

ఇట్లే, ఈ సీమలో భావనారాయణస్వామి వెలసిన భావపురి ప్రజల నోట బాపట్లయైనదని ప్రతీతి. 2022 ఏప్రిల్ 4న అదియే జిల్లాకు పేరైనది, కాకుమాను మాత్రము గుంటూరు జిల్లాలోనే నిలిచినది. వాడుక మార్చిన పేరు మూలమును కొంతయైన మిగుల్చును, శాసనము మార్చినది తరచుగా దానిని తుడిచివేయును. కావున ఈ సీమ పాఠకులారా, మీ యూళ్ళ పాతపేర్లను పెద్దలనుండి విని వ్రాసియుంచుడు.