ఖాళీ తూటాను పారేయని వాళ్ల కథ

ఈసారి కాస్త దూరం పోదాం, అమెరికా పల్లెలకు. అక్కడి రైతులు, పశువుల కాపర్లు తూటా ఖర్చు తగ్గించుకోవడానికి ఎన్ని తిప్పలు పడ్డారో చదువుతుంటే మనం పాత గోనె సంచికి కుట్లేసుకుని వాడుకోవడమే గుర్తొచ్చింది.

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి గొట్టం, ప్రైమర్, మందు, ముందుండే గుండు. కాల్చాక ఇత్తడి గొట్టం చేతిలోనే మిగులుతుంది. దాన్ని మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. గుండు మాత్రం పోయిందంటే పోయినట్టే. అందుకే చవకగా కావాలంటే ముందు గుండు దగ్గరే ఆలోచించాలి. రాగి తొడుగున్న గుండు కొనాలి, ఖర్చెక్కువ. సీసం గుండయితే పొయ్యి మీద కరిగించి అచ్చులో పోసుకోవచ్చు.

మన దగ్గర చేద్దామా అని మాత్రం అడక్కండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. పంట కాపలాకు తుపాకి లైసెన్సు ఉన్నా సరే, అది తూటా తయారీకి పనికిరాదు.

సరే, కథలోకి వద్దాం. ఎల్మర్ కీత్ అని 1899లో పుట్టిన మనిషి, ఐడహోలో పశువులు పెంచుకుంటూ బతికాడు. 1925లో సొంతంగా నింపిన తూటాలు కాలుస్తుంటే ఆయన .45 రివాల్వర్ సిలిండర్ పగిలిపోయింది. చెయ్యి దక్కింది, అదృష్టం. ఇంకొకరయితే ఆ పని మానేసేవాళ్లు. ఆయన .44 స్పెషల్‌కు మారాడు, దాని సిలిండర్ గోడలు మందంగా ఉంటాయని. ఉత్త సీసం మెత్తన, వేగం పెరిగితే గొట్టం లోపల పూతలా అంటుకుంటుంది. అందుకని కొంచెం తగరం కలిపి గట్టి చేశాడు. కొవ్వు పట్టడానికి గాడి, ముందు బల్లపరుపు మొన ఉండేలా తనే గుండు ఆకారం గీశాడు. లైమన్ కంపెనీ ఆ అచ్చు చేసి అమ్మింది. ఒక్కో గుండు సుమారు 250 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే మొదట ధాన్యపు గింజ బరువే సుమండీ, మనవాళ్లు గురిగింజతో బంగారం తూచినట్టు. పౌనుకు 7000 గ్రెయిన్లు, అంటే పౌను సీసంతో 28 గుళ్లు. ఆయన ఏళ్ల తరబడి పోరగా పోరగా, 1955 చివర్లో స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కలిసి .44 మ్యాగ్నమ్ తెచ్చాయి.

తర్వాతి కాలంలో కారు చక్రాలకు బిగించే సీసపు బరువులు పేదవాడి గని అయ్యాయి. వాటిలో ఆంటిమొనీ ముందే కలిసి ఉంటుంది, గట్టిగా ఉంటాయి. టైర్ల షాపుల్లో పాతవి చవకగా దొరికేవి. తీరా జింకు బరువులు రావడం మొదలయ్యాక చిక్కొచ్చింది: ఒక్క ముక్క కరిగినా గిన్నెడు సీసం చెడుతుంది, అచ్చులో సరిగ్గా నిండదు. ఇక వంటింటి పొయ్యి మీదే సీసం కాచిన వాళ్లూ ఉన్నారు. సీసం ఒంట్లోకి పోతే ఏమవుతుందో, ముఖ్యంగా పిల్లలకు, అప్పట్లో ఎవరు పట్టించుకున్నారు గనక!

నాకు బాగా నచ్చింది మాత్రం యుద్ధకాలం ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి అంతా సైన్యానికే పోయింది, బజార్లో గుళ్లు లేవు. .22 రిమ్‌ఫైర్ తూటా గొట్టాన్ని మళ్లీ నింపడం కుదరదు, ఎక్కడ పడితే అక్కడ పారేసేవాళ్లు. కాలిఫోర్నియాలో, ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన 1943లో ఆ చెత్తనే సీసానికి తొడుగ్గా నొక్కే అచ్చు తయారు చేశాడు. తండ్రిది బట్టలుతికే లాండ్రీ, అందులోనే ఒక మూల మొదలెట్టాడు. రాక్ చక్ అంటే పంట మేసే, బొరియల్లో ఉండే అక్కడి జంతువు. దాని మీద కాల్చే గుళ్లకు అచ్చు గనక పేరు 'రాక్ చక్ బుల్లెట్ స్వేజ్' అన్నాడు. ఇవాళ పెద్ద కంపెనీగా ఉన్న ఆర్‌సీబీఎస్‌ అనే పొడి అక్షరాలు అవే. వెర్నన్ స్పీర్, జాయిస్ హార్నడీ కూడా ఈ పారేసిన గొట్టాలతోనే గుళ్లు చేశారు. 1949లో హార్నడీ నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలాండ్‌లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. అది ఇప్పటికీ ఆ ఊళ్లోనే నడుస్తోంది.