క్రీతానుశయం నుండి ఆన్‌లైన్ ‘రిటర్న్’ వరకు: కొన్న వస్త్రాన్ని తిరిగి ఇచ్చే హక్కు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కొన్న వస్త్రం నచ్చనప్పుడు అమ్మినవారికి తిరిగి ఇచ్చి సొమ్ము పొందడం ఆన్‌లైన్ వ్యాపారంతో పుట్టిన సౌకర్యంగా కనిపిస్తుంది. అయితే కొన్న తరువాత కలిగే పశ్చాత్తాపాన్ని భారతీయ ధర్మశాస్త్రాలు ‘అనుశయం’ అనే పేరుతో ప్రత్యేక వివాదాంశంగా గుర్తించాయి. వలసపాలన కాలపు ఒప్పంద చట్టంలో ఆ భావనకు చోటు దొరకలేదు. దూరవిక్రయాలపై యూరప్ చేసిన చట్టాలు దానిని మరో రూపంలో నిలబెట్టాయి. నేటి భారతీయ చట్టం ప్రధానంగా అమ్మకందారు తప్పిదం ఉన్నచోటనే హక్కు ఇచ్చింది. ఈ పరిణామాన్ని వస్త్రం కేంద్రంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: అనుశయం, నారదస్మృతి, వస్త్రవ్యాపారం, దూరవిక్రయం, వినియోగదారుల రక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం:
వస్త్రాన్ని చేతితో తడిమి, మడత విప్పి, వెలుతురులో రంగు చూసి కొనడం తరతరాల అలవాటు. నేత చిక్కదనం, జరీ నాణ్యం, గుడ్డ మెత్తదనం తెరమీది బొమ్మలో తెలియవు. కుట్టిన దుస్తులకైతే కొలత సమస్య కూడా తోడవుతుంది. అందువల్ల తిరిగి ఇచ్చే ప్రశ్న ఇతర సరుకుల కంటే వస్త్రం విషయంలో తరచుగా ఎదురవుతుంది. ఇందులో రెండు భిన్న సందర్భాలున్నాయి. ఒకటి, వస్త్రంలో లోపం ఉండటం. రెండవది, లోపమేమీ లేకపోయినా కొన్నవారికి అది అక్కరలేకపోవడం. మొదటిదానిపై పెద్దగా అభిప్రాయభేదం లేదు. రెండవదానిని న్యాయవ్యవస్థలు ఎలా చూశాయన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. ధర్మశాస్త్రాలలో అనుశయం:
మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో క్రయవిక్రయానుశయం ఒకటి. అనుశయమంటే పశ్చాత్తాపం. కొన్నవాడైనా, అమ్మినవాడైనా మనసు మార్చుకుంటే పది రోజుల లోపల వస్తువును తిరిగి ఇవ్వవచ్చు లేదా తీసుకోవచ్చునని మనువు విధించాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ గడువును వృత్తిని బట్టి నిర్ణయించింది. వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు, గోరక్షకులకు ఐదు రాత్రులు అనుశయకాలం.

వస్త్రం విషయంలో నారదస్మృతి మరింత నిర్దిష్టంగా ఉంది. కొన్నది తప్పుడు బేరమని తోచినవాడు వస్తువు చెడకుండా అదే రోజు తిరిగి ఇవ్వవచ్చు. రెండవ రోజు ఇస్తే ధరలో ముప్ఫయ్యవ వంతు, మూడవ రోజైతే దానికి రెట్టింపు వదులుకోవాలి. ఆ తరువాత వస్తువు కొన్నవానిదే. సరుకును పరీక్షించే గడువులు కూడా వేర్వేరు. పాడిపశువులకు మూడు రోజులు, రత్నాలకు ఏడు రోజులు చెప్పిన నారదుడు ఇనుముకూ వస్త్రాలకూ ఒక్క రోజే ఇచ్చాడు. కొనేటప్పుడే మాసి, చినిగి ఉన్న పాతబట్టను తరువాత వాపసు చేయరాదన్నాడు. ఉతికిన బట్ట విలువ తగ్గుదలకు లెక్క కూడా కట్టాడు. మొదటి ఉతుకుకు ఎనిమిదవ వంతు, రెండవదానికి నాలుగవ వంతు, మూడవదానికి మూడవ వంతు, నాలుగవదానికి సగం తగ్గుతుంది. మంచి వస్తువును చూపి లోపమున్నదానిని అంటగట్టినవాడు ధరకు రెట్టింపు చెల్లించి, అంతే మొత్తం దండుగ కూడా కట్టాలి.

ఈ నియమాలలో ఒక క్రమం ఉంది. పశ్చాత్తాపం నేరం కాదు, కాని దానికి గడువూ వెలా ఉన్నాయి. ఆలస్యమైన కొద్దీ నష్టం కొన్నవాని వైపు జరుగుతుంది. మోసం ఉన్నచోట భారమంతా అమ్మినవానిదే. అయితే ఈ వ్యవస్థను ఆదర్శీకరించడం తగదు. అదే పరీక్షాకాలాల జాబితాలో మనుషులు కూడా సరుకుగా కనిపిస్తారు. పైగా స్మృతిలో ఉన్న ప్రతి నియమం అంగడిలో అమలైందని చెప్పలేము. ఆనాటి న్యాయచింతన దేనిని ప్రశ్నగా గుర్తించిందో చెప్పడానికే ఇవి ఆధారాలు.

యాజ్ఞవల్క్యస్మృతి కూడా ఇటువంటి పరీక్షాకాలాలను చెప్పింది. దానికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్య ఆధారంగా 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ను పద్యరూపంలో వెలయించాడు. ఆచార, ప్రాయశ్చిత్తాలతో పాటు వ్యవహారకాండ కూడా ఇందులో ఉంది. క్రయవిక్రయ వివాదాలకు నెలవైన వ్యవహారశాస్త్రం సంస్కృతానికే పరిమితం కాక తెలుగులోకి వచ్చిందనడానికి ఈ కృతి నిదర్శనం.

3. వలసకాలం – ‘కొనేవాడే జాగ్రత్తపడాలి’:
1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో సరుకుల అమ్మకం ఒక అధ్యాయంగా ఉండేది. 1930లో అది వేరై సరుకుల విక్రయ చట్టంగా రూపొందింది. ఈ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, సరుకు నాణ్యతకు అమ్మకందారు హామీ ఇచ్చినట్లు భావించరాదు. కొనేవాడే జాగ్రత్తపడాలన్న ఆంగ్ల న్యాయసూత్రమే దీనికి మూలం. నమూనా చూపి అమ్మినప్పుడు సరుకు దానికి సరిపోవాలి. వర్ణన చెప్పి అమ్మినప్పుడు వర్ణనకు తగినట్లుండాలి. పరీక్షించే అవకాశం కూడా కొన్నవారికి ఉండాలి. కాని సరుకు సరిగా ఉంటే బేరం ముగిసినట్లే. మనసు మారడమనే మాటకు ఆ చట్టంలో స్థానం లేదు. ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బట్టల కొట్లలోనూ బిల్లుల మీదా కనిపించే వాక్యం ఈ ధోరణికి చేరువైనది.

తపాలా ద్వారా సరుకు తెప్పించుకునే వి.పి.పి. పద్ధతి దూరవిక్రయాన్ని ఇక్కడి పాఠకులకూ కొనుగోలుదారులకూ పరిచయం చేసింది. పార్సెల్‌ను నిరాకరించే అవకాశం ఉన్నా, సొమ్ము చెల్లించిన తరువాతే దానిని విప్పి చూడాలి. అంటే నిరాకరణ హక్కు సరుకును చూడకముందే ముగిసిపోయేది.

4. దూరవిక్రయం – అనుశయ భావన పునరాగమనం:
కంటితో చూడకుండా కొనేవానికి ‘జాగ్రత్తపడు’ అని చెప్పడంలో అర్థం లేదు. ఈ తర్కమే యూరప్ చట్టాలకు పునాది. 1997లో వచ్చిన యూరోపియన్ ఆదేశం దూరవిక్రయాలలో కారణం చెప్పకుండా వైదొలగడానికి కనీసం ఏడు పనిదినాలు ఇచ్చింది. 2011 ఆదేశం దానిని 14 రోజులకు పెంచింది. 2014 జూన్ 13 నుండి ఇది అమలులోకి వచ్చింది. బ్రిటన్ 2013 నిబంధనలు కూడా అదే రోజున అమలయ్యాయి. ఈ హక్కు వ్యాపారిగా అమ్మేవారి దగ్గర కొన్నప్పుడే వర్తిస్తుంది. సొంత పాతబట్టను అమ్ముకునే వ్యక్తికి వర్తించదు. కొనుగోలుదారు ప్రత్యేక కొలతలకు కుట్టించిన దుస్తులు దీనికి మినహాయింపు. ముందుగా తెలియజేసి ఉంటే తిరుగు రవాణా ఖర్చు కొన్నవారే భరించాలి.

వస్త్రాన్ని తొడిగి చూడవచ్చు, ధరించి తిరగరాదు అని ఆ ఆదేశపు పీఠికలోనే ఉంది. అవసరానికి మించి వాడితే తగ్గిన విలువకు కొన్నవారే బాధ్యులు. 2019 మార్చి 27న యూరోపియన్ న్యాయస్థానం పరుపు వివాదంలో తీర్పు చెబుతూ పరుపును దుస్తులతో పోల్చింది. శరీరానికి తగిలినా దుస్తులను శుభ్రపరచి తిరిగి అమ్మవచ్చు కనుక, రక్షణపొర తీసిన పరుపును కూడా వాపసు చేయవచ్చునన్నది. ఉతుకుల లెక్క కట్టిన నారదునికీ ఈ న్యాయస్థానానికీ ప్రత్యక్ష సంబంధం లేదు. ఇద్దరూ ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం ఒకటే: దేహాన్ని తాకిన వస్త్రం ఎంత విలువ కోల్పోతుంది, ఆ నష్టం ఎవరిది?

5. నేటి భారతీయ చట్టం:
2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడాన్ని అనుచిత వ్యాపారపద్ధతిగా పేర్కొంది. బిల్లులో గడువు లేకుంటే 30 రోజులలో సొమ్ము తిరిగి ఇవ్వాలి. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, ప్రకటించిన లక్షణాలు లేనిదైనా, చెప్పిన గడువు దాటి వచ్చినా అమ్మకందారు వాపసును నిరాకరించరాదు. వాపసు షరతులను ముందే తెలియజేయాలి.

ఈ జాబితాలో ప్రతి అంశమూ అమ్మకందారు తప్పిదానికి సంబంధించినదే. రంగు బొమ్మలో ఉన్నట్లే ఉండి, కొలత చెప్పినట్లే ఉండి, తొడిగితే నప్పని కుర్తాను తిరిగి తీసుకోవాలని నిబంధన చెప్పదు. అది అమ్మకందారు ప్రకటించిన షరతులను బట్టి ఉంటుంది. లండన్‌లోని తెలుగు కుటుంబానికి అక్కడి వ్యాపారి దగ్గర హక్కుగా దొరికేది, హైదరాబాదులోని కుటుంబానికి అనుగ్రహంగా దొరుకుతుంది. పోటీ కోసం ఇచ్చిన సౌకర్యాన్ని పోటీ తగ్గినప్పుడు ఉపసంహరించుకోవచ్చు. హక్కుకు ఆ ప్రమాదం లేదు.

రెండో వైపు కూడా గమనించాలి. పెద్ద సంస్థ వాపసు ఖర్చును వేల అమ్మకాలపై సర్దుకోగలదు. స్వయంగా చీరలు అమ్ముకునే నేతకుటుంబానికి ఒక్క చీర మడతనలిగి తిరిగి వచ్చినా ఆ భారం తెలుస్తుంది. కనుక ఖర్చు పంపకం లేని వాపసు హక్కు న్యాయమైనది కాదు.

6. ముగింపు:
1. కొన్న తరువాతి పశ్చాత్తాపాన్ని న్యాయాంశంగా గుర్తించడం ఆధునిక ఆవిష్కరణ కాదు. ధర్మశాస్త్రాలలో దానికి పేరు, గడువు, వెల ఉన్నాయి.
2. వలసకాలపు చట్టం సరుకు లోపాన్ని మాత్రమే గుర్తించింది. నేటి భారతీయ నిబంధనలు వినియోగదారు రక్షణను విస్తరించినా ఆ పరిధిని పూర్తిగా దాటలేదు.
3. తాకి చూసే అవకాశం లేని కొనుగోలులో, ఆ అవకాశాన్ని ఇంటి వద్ద కల్పించడమే వాపసు హక్కు. ఆ దృష్టితో చూస్తే అది అమ్మకం తరువాతి రాయితీ కాదు, అమ్మకంలోనే భాగం.
4. ఆలస్యాన్ని, వాడకాన్ని బట్టి నష్టాన్ని పంచిన నారదుని పద్ధతిలో, చిన్న వ్యాపారిని కాపాడుతూనే కొనుగోలుదారుకు హక్కు ఇచ్చే చట్టానికి అవసరమైన ఆలోచన ఉంది.