పట్టికల వారసత్వం: ఒక పరిమితి చరిత్ర

1. నేపథ్యం

1970లో ఐబీఎం పరిశోధకుడు ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో వారసత్వం అనే భావన లేదు. అది ఆబ్జెక్ట్ ఆధారిత ప్రోగ్రామింగ్‌కు చెందినది. దానిని పట్టికలలోకి తెచ్చిన వాటిలో, 1986లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన మొదలైన పోస్ట్‌గ్రెస్ ముఖ్యమైనది. 1996లో అది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది.

2. పరిమితి ఏమిటి?

'వ్యక్తులు' అనే మాతృ పట్టిక, దాని నుంచి 'విద్యార్థులు', 'అధ్యాపకులు' అనే పిల్ల పట్టికలు ఉన్నాయనుకోండి. మాతృ పట్టికను ప్రశ్నిస్తే పిల్ల పట్టికల వరుసలు కూడా కనిపిస్తాయి. కాని అవి నిల్వ ఉండేది వేర్వేరు పట్టికలలోనే. ఇండెక్స్ ఒక్క పట్టికకే వర్తిస్తుంది. అందువల్ల మాతృ పట్టికలోని ప్రైమరీ కీ పిల్ల పట్టికలను కాపాడదు. 101 అనే సంఖ్య ఒక విద్యార్థికీ, ఒక అధ్యాపకుడికీ కూడా పడవచ్చు. గ్రంథాలయ పట్టిక నుంచి 'వ్యక్తులు'కు ఫారిన్ కీ పెడితే, విద్యార్థి వరుస కళ్లముందు కనిపిస్తున్నా సిస్టమ్ దానిని తిరస్కరిస్తుంది.

3. ప్రత్యామ్నాయ మార్గాలు

అన్ని పట్టికలకు ఒకే సీక్వెన్స్ వాడితే సంఖ్యలు మామూలుగా కలవవు. కాని ఎవరైనా చేత్తో సంఖ్య వేస్తే అడ్డుకునేది లేదు. ట్రిగ్గర్‌తో తనిఖీ చేయవచ్చు. తగిన లాక్ లేకపోతే, ఒకేసారి నడిచే రెండు లావాదేవీలు రెండూ తనిఖీ దాటిపోతాయి.

నమ్మదగిన మార్గం వారసత్వాన్ని వదలి మామూలు కీలను వాడటం. ప్రతి వ్యక్తికీ 'వ్యక్తులు'లో నిజంగా ఒక వరుస ఉంచండి. 'విద్యార్థులు'లో అదే సంఖ్య ప్రైమరీ కీగానూ, ఫారిన్ కీగానూ ఉంటుంది. 'రకం' అనే కాలమ్‌ను కూడా కీలో చేర్చి, చెక్ నిబంధనతో స్థిరపరిస్తే ఒకే వ్యక్తి రెండు రకాలలో చేరడు. ఇందుకు మూల్యం: రెండు చోట్ల చేర్పు, చదివేటప్పుడు జాయిన్. మార్టిన్ ఫౌలర్ 2002 నాటి గ్రంథంలో ఇటువంటి అమరికను 'క్లాస్ టేబుల్ ఇన్‌హెరిటెన్స్' అన్నాడు.

4. తరువాతి పరిణామం

పెద్ద పట్టికలను విభజించడానికీ చాలాకాలం వారసత్వాన్నే వాడారు. 2017లో 10వ వెర్షన్ విభజనకు ప్రత్యేక పద్ధతి తెచ్చింది. విభజిత పట్టికలకు ప్రైమరీ కీ 2018లో, వాటిని సూచించే ఫారిన్ కీ 2019లో వచ్చాయి. పాత వారసత్వానికి మాత్రం ఆ పరిమితి అలాగే మిగిలింది. కనుక కొత్త డేటాబేస్‌ను రూపొందించేటప్పుడు, పట్టిక ఏమి చూపుతుందన్నదే కాక, దేనిని కాపాడుతుందో కూడా మీరు పరిశీలించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మాతృ పట్టికలోని ప్రైమరీ కీ పిల్ల పట్టికలకు ఎందుకు వర్తించదు?
2. సీక్వెన్స్ ఒక్కటే ఎందుకు చాలదు?