రంపానికి వేసిన అతుకు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు లోహవిద్య

పడమట ఎర్రమల కొండలు, తూర్పున నల్లమల అడవులు, నడుమ కుందూ నది పారే మైదానంలో నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు ఉన్నాయి. ఒక వైపు రాయీ మరో వైపు కలపా దొరికే ఈ సీమలో కోతపని తరతరాలుగా వేల కుటుంబాలకు బతుకుతెరువు అయినప్పటికీ, కోసిన వస్తువుకు దక్కిన చరిత్ర కోసిన పనిముట్టుకు దక్కలేదు. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు లభించింది, బేతంచెర్ల నాపరాయి ఎన్నో ఊళ్ల ఇళ్లలో నేలగా పరుచుకుంది. కాని ఆ విగ్రహాన్ని చెక్కిన ఉలి మొన, ఆ బండను కోసిన రంపపు పన్ను ఏ అతుకు బలంతో నిలిచాయన్నది అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. ఈ ప్రాంతపు పనితనాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ అతుకు దగ్గరే మొదలుపెట్టాలి.

లోహాన్ని లోహంతో కలిపే పద్ధతులు ముఖ్యంగా మూడు. తగరం, సీసం కలిసిన మెత్తని లోహాన్ని తక్కువ వేడిలో కరిగించి పోయడం టంకం. చిల్లిపడిన బిందెలకు ఊరూరా తిరిగి మాట్లు వేసేవారు చేసిన పని ఇదే. కలపవలసిన రెండు అంచులనూ కరిగించి ఒకే ముద్దగా చేయడం వెల్డింగ్. ఈ రెండింటికీ మధ్యది ఇత్తడి అతుకు, అంటే నేటి పనివారు బ్రేజింగ్ అని పిలిచేది: ఇందులో ఉక్కు కరగదు, ఎర్రబడుతుంది, సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన ఇత్తడి, లేదా అంతకన్నా తక్కువ వేడికే కరిగే వెండి మిశ్రమం, రెండు ముక్కల నడుమ ఉన్న సన్నని సందులోకి తనంతట తాను పాకి గట్టిపడుతుంది. ఆ పాకుడుకు లోహం మీద తుప్పు పొర ఉండకూడదు కనుక, వేడిలో గాజులా కరిగి ఆ పొరను తనలో కలుపుకొనే వెలిగారాన్ని ముందుగా పూస్తారు.

వెలిగారం ఈ సీమకు కొత్త వస్తువు కాదు. టిబెట్ సరస్సుల తీరాల్లో దొరికే ఈ ఉప్పు హిమాలయ కనుమలు దాటి బజారు బజారు మారుతూ దక్షిణాదికి చేరేది. కంసాలి ఊదుగొట్టంతో నగ అతికినా, కంచరి చెంబుకు అడుగు కలిపినా అది కావలసిందే. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అనే అయిదు వృత్తులు విశ్వబ్రాహ్మణ సంప్రదాయంలో ఒకే మూలానికి చెందినవిగా లెక్కకు వస్తాయి గనుక, ఒకరి కొలిమి దగ్గర పుట్టిన ఉపాయం మరొకరి చేతికి అందడానికి దూరం తక్కువగా ఉండేదని భావించవచ్చు. కమ్మరి ఇనుమును ఇనుముతో కలపడానికి తెల్లబడేదాకా కాల్చి దాగలి మీద సమ్మెటతో సాగగొట్టేవాడు. అయితే సన్నని రేకునూ పలుచని రంపాన్నీ అలా కొడితే వంకర పోతాయి. అటువంటి చోట ఇత్తడి అతుకే దారి.

ఈ అవసరం ఎంత పెద్దదో నల్లమల కలప చెబుతుంది. టేకు, వేగి, నల్లమద్ది, చిరుమాను, ఏపి వంటి గట్టి చెట్లున్న ఈ అడవిలో దుంగను గుంత మీద నిలిపి, ఒకరు పైనా ఒకరు గుంతలోనూ నిలబడి పొడవాటి రంపాన్ని లాగడం పాత పద్ధతి. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం అడవిని ప్రభుత్వపు హద్దుల్లోకి తెచ్చింది; ఆ శతాబ్దం ముగిసేలోగా గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా చెలమ, దిగువమెట్టల వైపు నల్లమలను చీల్చుకుంటూ మీటర్ గేజి రైలు మార్గం పడింది. రైలు వచ్చాక దుంగ బండి మీద పోయే దూరం తగ్గింది, పట్టణంలో కోతమిల్లుకు చోటు దొరికింది.

కోతమిల్లుకు ప్రాణం పట్టీ రంపం. రెండు పెద్ద చక్రాల మీద నిలువుగా తిరిగే చుట్టు రంపానికి 1808లోనే ఇంగ్లండులో విలియం న్యూబెరీ పేటెంటు పొందినా, దాదాపు నాలుగు దశాబ్దాల పాటు అది పనికి రాకుండా పోయింది. లోపం చక్రంలో లేదు, పంటిలో లేదు, పట్టీ రెండు కొసలూ కలిసే అతుకులో ఉంది. చక్రం మీద ప్రతి తిప్పుకూ వంగి సాగే ఆ చోట పట్టీ తెగిపోయేది. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే మహిళ ఆ అతుకుకు సరైన పద్ధతి కనిపెట్టాకే పట్టీ రంపం లోకానికి పనికి వచ్చింది. పెద్ద యంత్రం మొత్తం చిటికెన వేలి వెడల్పు కూడా లేని ఒక అతుకు మీద ఆధారపడి ఉందన్న సంగతి యంత్రచరిత్రలో ఇంతకన్నా స్పష్టంగా కనిపించే సందర్భం లేదు.

ఆ అతుకు వేసే తీరు చూస్తే పాత విద్య ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. పట్టీ కొసలు రెండింటినీ ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, ఒకదాని మీద ఒకటి పడేలా పేర్చి, మధ్యలో వెండి మిశ్రమపు పలుచని రేకు ఉంచి వెలిగారం పూస్తారు. ఎర్రగా కాలిన బరువైన పట్టకారుతో ఆ చోటును కాసేపు గట్టిగా పట్టి ఉంచితే రేకు కరిగి లోపలికి పాకుతుంది. ఉన్నట్టుండి చల్లారితే ఉక్కు పెళుసు అవుతుంది కాబట్టి మళ్లీ మెల్లగా వేడి చూపి, అతుకు మందం పట్టీ మందంతో సమానమయ్యే దాకా అరగదీస్తారు. వెంట్రుకవాసి మందం ఎక్కువైనా ఆ చోటు చక్రం మీద ఎగిరి, కొద్ది రోజుల్లోనే మళ్లీ తెగుతుంది.

1903లో ఫ్రాన్సులో ఫూషే, పికార్ రూపొందించిన ఆక్సిజన్-ఎసిటిలీన్ మంట కొలిమినీ తిత్తినీ ఒక గొట్టంలోకి తెచ్చింది. 1935లో కలకత్తాలో ఏర్పడిన ఇండియన్ ఆక్సిజన్ అండ్ ఎసిటిలీన్ కంపెనీ వంటి సంస్థల సిలిండర్లు, నీటిలో వేస్తే ఎసిటిలీన్ వాయువునిచ్చే కార్బైడు రాయి, ఆ తరువాత కరెంటుతో నడిచే ఆర్క్ వెల్డింగ్, కాలక్రమంలో చిన్న పట్టణాలకూ చేరాయి. వెల్డింగ్ షాపు అన్న మాట అలా తెలుగు వీధి మాట అయింది.

అయితే ఈ సీమలో ఇత్తడి, వెండి అతుకులకు రెండో జీవితం ఇచ్చింది రాయి. ఉలి మొనను కాల్చి, కొట్టి, నీటిలో ముంచి గట్టిపరచడం శిల్పికి నిత్యకృత్యం. గట్టి నల్లరాయి మీద ఆ మొన ఎంతోసేపు నిలవదు. 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ తయారుచేసిన టంగ్‌స్టన్ కార్బైడు, క్రుప్ సంస్థ దానికి పెట్టిన విడియా అనే పేరుతోనే మన పనివారికి పరిచయం. దీన్ని ఉక్కుకు వెల్డింగ్ చేయడం సులువు కాదు, ఎందుకంటే వేడికి ఉక్కు ఎంత సాగుతుందో విడియా అందులో సుమారు సగమే సాగుతుంది. చల్లారేటప్పుడు రెండూ వేర్వేరుగా కుంచించుకుని మొన పగులుతుంది. మధ్యలో మెత్తని వెండి, రాగి, ఇత్తడి పొర ఉంటే ఆ లాగుడును అదే భరిస్తుంది.

నాపరాయి కోతలో ఇదే సూత్రం మరింత పెద్ద మేర పనిచేస్తుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె చుట్టుపక్కల గనుల్లో పొరలు పొరలుగా లేచే ఈ సున్నపురాయిని కోసే గుండ్రటి బ్లేడుకు అంచున ఉండేవి ఉక్కు పళ్లు కావు, కృత్రిమ వజ్రపు రవ్వలను లోహపు పొడిలో కలిపి కాల్చిన చిన్న దిమ్మెలు. పనివారు సెగ్మెంట్లు అనే ఆ దిమ్మెలను బ్లేడు అంచుకు వెండి మిశ్రమంతో అతుకుతారు. మరీ ఎక్కువ వేడి తగిలితే వజ్రమే చెడిపోతుంది కనుక 700 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగే మిశ్రమమే ఇక్కడ తగినది. అరిగిన సెగ్మెంట్లను ఊడదీసి కొత్తవి అతికితే అదే ఉక్కు చక్రం మళ్లీ పనికి వస్తుంది.

ఇక్కడ చరిత్ర ఒక వింత మలుపు తిరిగింది. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలలను వర్ణిస్తూ బనగానపల్లె పేరు పెట్టిన పొరల్లోనే పూర్వం వజ్రాల కోసం గుంతలు తవ్వేవారు. ఆ వజ్రాలు ఆభరణాలకూ ఖజానాలకూ వెళ్లాయి. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో తయారైన కృత్రిమ వజ్రం మాత్రం పనిముట్టుగా మారి, అదే నేల మీద నాపరాయిని కోసే కూలీ చేతికి అందింది.

ఈ అతుకు వేసేవారి ఆరోగ్యం గురించి చెప్పకుండా ముందుకు సాగడం న్యాయం కాదు. సులువుగా కరిగే పాతరకం వెండి మిశ్రమాల్లో కాడ్మియం కలిసేది, దాని పొగ ఊపిరితిత్తులకు ప్రాణాంతకం; ఇత్తడి మరీ కాగితే లేచే తెల్లని జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది. కాడ్మియం లేని కడ్డీ, గాలి ఆడే చోటు విలాసాలు కావు, ఆ విద్యలో భాగాలు.

మళ్లీ కలప కోత వైపు వస్తే, అతుకు ప్రశ్న చేతిలో పట్టే రంపం దగ్గరా ఎదురవుతుంది. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ కరెంటుతో నడిచే గొలుసు రంపాన్ని, మరుసటి ఏడు ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడిచేదాన్ని తెచ్చారు. పెట్రోలు రంపం పొగగొట్టం వద్ద ఉండే చిన్న ఉక్కు డబ్బా, అంటే సైలెన్సర్, లోపలి అడ్డుపలకలతో శబ్దాన్ని అణచివేస్తుంది. ఇంజిన్ల కోసం ఇటువంటి డబ్బాకు 1897లోనే అమెరికాలో రీవ్స్ సోదరులు పేటెంటు పొందారు. బలం పెరుగుతుందన్న ఆశతో దాని రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త గొట్టాన్ని వెల్డింగుతోనో ఇత్తడితోనో అతకడం ఇంటి పనివాడికి కష్టం కాదు. కాని పొగ సులువుగా పోయిన కొద్దీ లోపలికి గాలి ఎక్కువ వస్తుంది, కార్బురేటరులో పెట్రోలు పాలు దానికి తగినట్టు పెంచకపోతే పిస్టన్ కాలిపోతుంది; వెండి అతుకు ఆ డబ్బా వేడికి మెత్తబడవచ్చు గనుక వెల్డింగే మేలు; మామూలుగానే 100 డెసిబెల్స్ దాటే శబ్దం ఇంకా పెరిగి పనివాడి చెవులను తినేస్తుంది. నిప్పురవ్వలను ఆపే సన్నని జాలిని ఈ మార్పులో తీసివేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. 1983 నుంచి పులుల అభయారణ్యం హద్దులను ఆనుకుని ఉన్న నల్లమల అంచు పల్లెల్లో, ఆకు రాలి గడ్డి ఎండిన ఫిబ్రవరి నుంచి మే వరకు ఒక్క రవ్వ చాలు, మంట కొండ ఎక్కడానికి.